అక్క ఏరిన పత్తి

యూనివర్సిటీ దరఖాస్తులో మార్కులు, ఆధార్, ఫొటో అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. చివర్లో ఒక గడి మిగిలింది. మీ జీవితంలో ఎదురైన ఒక కష్టం గురించి, దాన్ని ఎలా దాటారో మీ మాటల్లో రాయండి అని. ఫీజు పూర్తిగా మాఫీ చేయాలా వద్దా అన్నది ఆ వ్యాసం చూసే తేలుస్తారట. మాఫీ లేకపోతే ఆ చదువు మా ఇంటికి అందేది కాదు.

రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క కష్టమూ గుర్తు రాదే! నాయినకు పక్షవాతం వచ్చినప్పుడు నేను గురుకుల హాస్టల్లో వేళకు అన్నం తింటూ ఉన్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మానేసి పత్తి ఏరడానికి పోయింది మా అక్క. కష్టమంతా తనే పడింది, నాకేం మిగల్చలేదు.

ఇప్పుడు అక్క జనగామలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. మా ఊరు కొడకండ్ల నుంచి పొద్దున బస్సుకు పోయి, పొద్దుగూకినాక వస్తుంది. ఒక ఆదివారం బియ్యం చెరుగుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అక్కా, పత్తి ఏరుతుంటే ఎట్లుండేది?"

"ఏందిరో, పత్తి మీద పడ్డవ్? చేను కౌలుకు పట్టినవా ఏంది?" అని నవ్వింది.

"దరఖాస్తుల రాయాలె. జర చెప్పరాదూ."

చెప్పింది. ఎండిన కాయ మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుంటాయట. నడుముకు కట్టుకున్న ఒడి పత్తితో నిండేకొద్దీ నడుము పీకేదట. "కూరల చెయ్యి పెడితే కారం భగ్గుమనేది. అందుకే రోజు పెరుగన్నం తినేదాన్ని. మీరేమో నాకు పెరుగంటే పానమని నవ్వేటోళ్లు." అలా నవ్వినవాళ్లలో నేనే మొదటివాణ్ని. అయినా అంతా కాగితం మీద పెట్టుకున్నాను.

రాయడం మాత్రం "మా అక్క" అనే మొదలుపెట్టాను, నిజం. నాలుగు వాక్యాలయ్యాక చూస్తే అందులో నేనెక్కడా లేను. వాళ్లడిగింది నా కష్టం. "మా అక్క" కొట్టేసి "నేను" అని పెట్టాను. ఎంత సులువుగా ఇమిడిపోయిందో! సెలవులన్నీ పత్తి చేలోనే గడిపాను, వేళ్లు పగిలాయి, కారం తినలేకపోయాను, అయినా చదువు వదల్లేదు అని రాశాను. పెరుగన్నంతో సహా పట్టుకుపోయాను. అక్కకు మాత్రం చదివి వినిపించలేదు.

ఇంటర్వ్యూ ఫోన్లో, వీడియో మీద. ఊళ్లో సిగ్నల్‌తో పరేషాన్ అవుతానని అక్క నన్ను తన దుకాణానికి తీసుకుపోయింది. సేటును బతిమాలి వెనక గది ఇప్పించింది. తను తలుపు దగ్గర చీరలు మడత పెడుతూ కూర్చుంది.

ముగ్గురు అడిగారు. వ్యాసం మనసుకు తగిలిందని ఇద్దరన్నారు. మూడో ఆవిడ ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దిగింది.

"మాది మహబూబాబాద్ దిక్కే బాబూ. మా దగ్గర పత్తి ఏరేది ఆడవాళ్లు. మగపిల్లలు చేనుకు మందు కొడతరు, బస్తాలు మోస్తరు. నువ్వు నిజంగ ఏరినవా?"

మా దిక్కు మనిషి ఒక్కరు చదివినా దొరికిపోతానని రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. ఏం తెలివి నాది! నేను ఫోన్ సరిచేసుకుంటున్నట్టు నటిస్తుంటే ఆవిడే అంది, "పక్కన ఇంటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

అక్క చీర పక్కన పెట్టి వచ్చి ఫోన్ ముందు కూర్చుంది. నా మొహం వైపు ఒక్కసారి చూసింది. ఇక ఆమెకు నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

"ఏరిండు మేడం. ఆ యేడు కూలోళ్లు దొరకకపోతే మావాడే ఒడి కట్టుకొని దిగిండు."

"మరి నువ్వేం చదివినవమ్మా?"

"నాకు సదువు ఎక్కలే మేడం. ఇష్టం లేక మానేసిన. ఇంటికాడ ఉత్తగనే ఉండేదాన్ని. కష్టమంత వాడే పడ్డడు."

ఆవిడ సరేనంది. అక్క లేచి వెళ్లి మళ్లీ మడతలు పెట్టుకోసాగింది.

పదో తరగతిలో అక్కకు నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. మండలానికే ఫస్టొచ్చింది. ఆ మాట అప్పుడే చెప్పొచ్చు. ఫోన్ నా చేతిలోనే ఉంది, ముగ్గురూ ఇంకా తెర మీదే ఉన్నారు. సిగ్గుతో చచ్చాను గానీ ఆ మాట బయటపెట్టలేదు. "థాంక్యూ మేడం" అన్నాను. సీటొచ్చింది, ఫీజు మాఫీతో సహా.