అప్పగింతల వేళ టాంగో

"నీది వాయించుడు కాదురా, గెలుకుడు" అని మా బ్యాండు మాస్టర్ అందరి ముందూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. సినిమా పాట మధ్యలో నా సొంత స్వరాలు రెండు కలిపినందుకు అంత మాట. వరంగల్‌లో పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మాది. నేను అకార్డియన్ వాయించేవాణ్ణి. పెట్టె మాత్రం మాస్టర్‌ది. ఎప్పుడు కోపమొస్తే అప్పుడు లాక్కోవచ్చు.

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం, చౌరస్తాలో రేడియోలు బాగుచేసే దోస్తు దుకాణంలో కూర్చున్నాను. స్టేషన్లు తిప్పుతున్నవాడు ఒకచోట ఆగాడు.

"జర ఇను భాయ్, నీ పెట్టెనే!"

నా పెట్టె లాంటిదే, కానీ అది మనిషిలా శ్వాసిస్తోంది. వయొలిన్ ఎత్తుకున్న వరుసను సగంలోనే అందుకుంది, దాని దగ్గర్నుంచి పియానో అందుకుంది. మూడూ మూడు దారులు పట్టిపోయి, ఎక్కడో ఒక్కసారిగా కలుసుకున్నాయి. కింద తాళం కుంటుతూ నడిచింది, పడిపోలేదు. నాకు భయం లాంటిది వేసింది. తోలుతిత్తిలో ఇంత ఉంటుందా? మరి ఇన్నేళ్లూ నేను మోసిందేమిటి?

పాటయ్యాక ఇంగ్లీషులో చెప్పింది కొంత అర్థమైంది. స్వరం కట్టినాయన అర్జెంటీనావాడట. అక్కడ జంటలు ఆడే టాంగోలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ జాజ్‌నూ కలిపాడట. ఇది టాంగోయే కాదని సొంతవాళ్లే తిట్టిపోశారట. ఆయన మానలేదట. సముద్రాల అవతల ఇంత పెద్దాయనకూ ఒక మాస్టర్ తగిలాడన్నమాట.

గుర్తున్నంత మేర ఆ వరుసను వేళ్లకు ఎక్కించుకున్నాను. తరువాత తొర్రూరులో పెళ్లి. అప్పగింతలప్పుడు బ్యాండు ఏడిపించే పాట వాయించాలి. ఎంత ఏడిస్తే ఆడపిల్లవాళ్లకు అంత మర్యాద. నేను ఆ టాంగో ఎత్తుకున్నాను. శోకాలు పెడుతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయి, నోరు తెరుచుకుని వినసాగారు.

పెళ్లికూతురి మేనత్త మాస్టర్ మీద విరుచుకుపడింది. "ఏందయ్యా! పిల్లను సాగనంపుతాంటే ఒక్క ఏడ్పు లేకపాయె. మగపిల్లగాని దిక్కోళ్లు ఏమనుకోవాలె?"

మాస్టర్ వచ్చి నా భుజం మీది పట్టీ పట్టుకున్నాడు. "దించు పెట్టె. రేపటిసంది రాకు."

కారులో ఒక కాలు పెట్టిన పెళ్లికూతురు వెనక్కి తిరిగింది. "ఆగుండ్రి. అన్నా, గది ఇంకొక్కపారి వాయించు. ఇని పోత."

ఆమె మాట కాదనే ధైర్యం మాస్టర్‌కు లేదు. పట్టీ వదలకుండానే నిలబడ్డాడు. మొదటిసారి భయపడి వదిలేసిన స్వరాలతో సహా మొత్తం వాయించాను. కారు కదిలాక పెట్టె నేనే దించాను. ఆయన దించాడని ఎవరైనా అంటే అబద్ధం.