దుప్పటి కింద భుజం

ఆ ఉదయం హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్ల మీద నా ఎడమ కాలు నా మాట వినలేదు. డ్యూటీకి వెళ్లడానికి రోజూ ఎక్కే మెట్లే. కాలు ఎత్తాననుకున్నాను, అది లేవలేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. వెనక వస్తున్నవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లిపోయారు. అందరి మెడల్లోనూ ఐడీ కార్డులే, అందరికీ ఆఫీసుకు ఆలస్యమే.

అప్పటికే అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. అంతకు ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించాల్సిన మనిషిని నేనే. హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. కానీ నర్సులకు ఒక జబ్బుంది. ఎదుటివాళ్లకు తుమ్మొస్తే టెస్టులు రాయించమంటాం, మన దాకా వస్తే స్టోర్ రూమ్‌లో నిలబడే పని కానిచ్చేస్తాం. నేనూ అంతే. మా జూనియర్ స్వరూప చేత ఒక విటమిన్ ఇంజెక్షన్ పొడిపించుకుని డ్యూటీ ఎక్కాను.

"అక్కా, జర డాక్టర్‌కు చూపియ్యరాదు?" అంది స్వరూప. ఆమెది సిద్దిపేట.

"పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం, కాళ్లు లాగవా మరి?" అన్నాను.

మర్నాడు టూత్‌పేస్టు మూత తిప్పలేకపోయాను. మా ఆయన ప్రకాష్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల క్యాబులు చూసే డెస్కులో పనిచేస్తారు. అందరినీ వేళకు ఆఫీసుకు చేర్చే మనిషి ఆ రోజు నన్ను చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టారు.

క్యాజువాలిటీలో న్యూరో డాక్టర్ గారు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద కొట్టారు. కాలు ఎగరలేదు. మోచేతి దగ్గర కొట్టారు. అక్కడా ఏమీ లేదు. "రిఫ్లెక్సెస్ ఆబ్సెంట్" అని పక్కనున్న జూనియర్ డాక్టర్‌తో మెల్లగా అన్నారు. మామూలు పేషెంటుకైతే ఆ మాట అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైంది, అదే నా కర్మ. నడుము దగ్గర వెన్నులోంచి పరీక్షకి నీరు తీశారు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. ఆసుపత్రిలో అందరూ జీబీఎస్ అంటారు.

"ఆమె ఒంట్లోని ఇమ్యూనిటీయే పొరపాటున నరాల మీద పడింది" అని డాక్టర్ గారు మా ఆయనకు చెప్పారు. "చాలామంది కోలుకుంటారండి. కానీ బాగుపడేముందు ఇంకా దిగజారుతుంది. ఎక్కడ ఆగుతుందో ఇప్పుడే చెప్పలేను."

ఆ దాడిని అణిచే ఐవీఐజీ అనే మందు సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. బలహీనత మాత్రం ఆగలేదు. కాళ్లు పోయాయి, నడుము పోయింది, చేతులు పోయాయి. పూట పూటకూ డాక్టర్ వచ్చి, "సిస్టర్, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో చెప్పండి" అనేవారు. ఉదయం ఇరవై దాటాను. సాయంత్రానికి పది కూడా చేరలేకపోయాను. ఆ లెక్క పడిపోతే తర్వాత ఏ ట్రే తెస్తారో నాకు తెలుసు. అలాంటి ట్రేలు నేను ఎన్నో సర్దాను.

"ఇంకా మాట్లాడుతూనే ఉంది కదండీ, అప్పుడే గొంతులో ట్యూబెందుకు?" అని మా ఆయన డాక్టర్‌ని బతిమాలుతున్నారు.

"మాట్లాడుతున్నప్పుడే వెయ్యాలి సార్. ఆగిపోయాక వేస్తే కష్టం."

ట్యూబ్ వేసేముందు ఏదైనా గొప్ప మాట చెప్పాలనిపిస్తుందనుకుంటారు. నేను మా ఆయనతో, "పాపకి రేపు యూనిట్ టెస్టు, సైన్సు చదివించండి" అన్నాను. ఆ తర్వాత చాలా కాలం నా నోటినుంచి మాట రాలేదు.

నేను స్పృహలో లేననే చాలామంది అనుకున్నారు. ఉన్నాను. అదే ఆ జబ్బులో ఉన్న ఘోరం. ముఖం కూడా చచ్చుబడింది. రెప్పలు మూతపడేవి కావు, నిద్రవేళకు టేపు అంటించేవారు. కదిలేవి కనుగుడ్లు మాత్రమే. కళ్లు పైకెత్తితే అవును, పక్కకి తిప్పితే కాదు. ఒళ్లంతా మంట పుట్టేది, దుప్పటి తగిలినా భరించలేకపోయేదాన్ని. ఎక్కడ నొప్పి అని ఎవరైనా అడిగితే, అన్ని చోట్లా అని కనుగుడ్లతో ఎలా చెప్పాలి?

పడుకున్నది నా సొంత ఐసీయూలోనే. ఆ బెడ్డు మీద నేనే ఎన్నోసార్లు పక్క మార్చాను. షిఫ్ట్ మారినప్పుడల్లా దిగే నర్సు ఎక్కే నర్సుకి బెడ్డు పక్కన నిలబడి పేషెంటుని అప్పగిస్తుంది. దాన్ని హ్యాండోవర్ అంటాం. బీపీ ఎంత, మందులేమిటి, రాత్రి ఎలా గడిచింది, కిందటి షిఫ్ట్‌తో పోలిస్తే మార్పేమిటి. నన్ను అప్పగించేటప్పుడు చివర్లో ఒకటే మాట వినపడేది.

"సేమ్."

నేనూ ఎందరి గురించో ఆ మాట అన్నాను. అది అబద్ధమేమీ కాదు. కానీ కింద పడుకుని పైకి చూస్తూ వింటే, మీద ఒక్కో తట్ట మట్టి పోస్తున్నట్టుండేది.

ఓదార్చేవాళ్లకు లోటు లేదు. మా అత్తయ్య బాపట్ల నుంచి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "ఇది ప్రభువు పెట్టిన పరీక్షమ్మా, నువ్వు గెలుస్తావు" అనేది. ఆవిడ ప్రేమకు నేను వంక పెట్టను. కానీ నేను ఏ పరీక్షకూ ఫీజు కట్టలేదని చెప్పాలనిపించేది. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి పాజిటివ్‌గా ఉండమంది. మరుక్షణం ఆవిడ ఫోను మోగితే బయటికి వెళ్లిపోయింది. నాకు వాళ్లందరి మీదా ఒళ్లు మండేది. మండడానికైనా ఒళ్లు పనికొస్తోందని ఒక్కోసారి అనుకునేదాన్ని.

పక్క బెడ్డులో ఒక స్కూలు మాస్టారు ఉండేవారు. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. ఆయన భార్య విజిటింగ్ వేళకు వచ్చి తెర అవతల ఒకటే మాట అనేది. "లెవ్వుండి, ఇగ ఇంటికి పోదాం." కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, బడికి టైమైందని లేపినట్టు అనేది. ఒక ఉదయం హ్యాండోవర్‌లో ఆ బెడ్డు పేరు రాలేదు. నర్సులు నా బెడ్డు నుంచి దాన్ని దాటుకుని తర్వాతి దానికి వెళ్లిపోయారు. అలా దాటి వెళ్లడం నాకు బాగా తెలుసు. ఆ రోజు నాకు బతకాలన్న కోరిక లేదు. ఇది సిగ్గుపడి దాచాల్సిన సంగతి కాదని ఇప్పుడు రాస్తున్నాను.

అదే రోజు నా నోట్లో కఫం పేరుకుంది. చూసుకుంటున్న కొత్తమ్మాయి సక్షన్ ట్యూబ్ పెట్టి తొందరగా లాగేసింది. కఫం సగం లోపలే ఉండిపోయింది. నాకు మంటెత్తింది. "ఇంకోసారి పెట్టు, మెల్లగా తిప్పుతూ తియ్యి" అని మనసులో అరిచాను. తర్వాత దిండు వంకరగా పెట్టింది. దాన్నీ సరిచేశాను, మనసులోనే. పుండ్లు పడకుండా మడమల కింద గాలి ఆడుతోందా, యూరిన్ బ్యాగ్ నిండిందా, మానిటర్ మీద బీపీ ఎంత. ఇలా చూసుకుంటూ పోతే తెర అవతల ఖాళీ బెడ్డు కాసేపు గుర్తు రాలేదు.

అప్పుడు తట్టింది. నేను ఈ బెడ్డులో పడి ఉన్న పేషెంటుని మాత్రమే కాదు, ఈ బెడ్డుకి డ్యూటీ పడిన నర్సుని కూడా. జబ్బు అదే, ట్యూబ్ అదే, ఒక్క వేలు కూడా అదనంగా కదల్లేదు. కానీ నాకు పని దొరికింది. నడుస్తానా లేదా అన్నది ఈ షిఫ్ట్‌లో తేలే విషయం కాదు. ఈ షిఫ్ట్‌లో నా పని ఈ పేషెంటుని కాపాడి తర్వాతి షిఫ్ట్‌కి అప్పగించడం. ప్రతి హ్యాండోవర్‌కీ నర్సులతో పాటు నేనూ లోపల అప్పగించేదాన్ని. పేషెంట్ కరుణ, కళ్లు కదులుతున్నాయి, కోపం బాగానే ఉంది.

దాంతో కష్టాలు తీరిపోలేదు. న్యుమోనియా వచ్చింది. జ్వరంలో ఎన్ని షిఫ్టులు జారిపోయాయో నాకు తెలియదు. గొంతు ముందు రంధ్రం చేసి ట్రకియాస్టమీ పెట్టారు. బీపీ ఒక్కసారిగా పడిపోయేది, అంతలోనే ఆకాశానికి పోయేది. "ఆమె గట్టిదండి, కానీ నేను మాట ఇవ్వలేను" అని డాక్టర్ గారు అద్దం తలుపు దగ్గర మా ఆయనతో అనడం విన్నాను.

జ్వరం తగ్గిన తర్వాత ఒక మధ్యాహ్నం, అలవాటుగా ఒళ్లంతా చెక్ చేసుకుంటుంటే, ఎడమ భుజం కదిలింది. కదిలిందంటే పెద్దగా ఏమీ కాదు, చర్మం కింద చిన్న కుదుపు. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ కదిలింది. ఇంత సంగతి జరిగితే చెప్పడానికి నోరు లేదు.

మా ఆయన వచ్చారు. కళ్లు భుజం వైపు తిప్పాను.

"ఏంటి కరుణా, దురదా?" అని భుజం గోకారు.

కాదన్నట్టు కళ్లు పక్కకి తిప్పాను, మళ్లీ భుజం వైపు చూశాను.

"చలేస్తుందా? ఈ ఏసీ ఒకటి, మనుషుల్ని చంపేస్తోంది" అంటూ దుప్పటి మెడదాకా లాగి, అంచులు నా కిందకి దోపి, తృప్తిగా చేతులు దులుపుకున్నారు. పాపకి సైన్సులో మంచి మార్కులొచ్చాయని చెప్పి, టైమైపోయిందని వెళ్లిపోయారు. పెళ్లయ్యాక ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

షిఫ్ట్ మారింది. దిగే అమ్మాయి గడగడా అప్పగించింది. దుప్పటి కింద నా భుజం శక్తికొద్దీ కదులుతూనే ఉంది. చివర్లో, "సేమ్" అంది.

ఎక్కింది స్వరూప. ఆమె పని మొదలుపెట్టే పద్ధతే వేరు, ముందు దుప్పటి మొత్తం తీసి పక్క సరిచేస్తుంది. నత్తనడక అని దాని గురించి నేనే ఆమెను ఎన్నోసార్లు ఆటపట్టించాను. ఆ రోజు దోపిన అంచులు లాగుతూ, "గిట్ల కట్టేసిన్రేంది అక్కా నిన్ను?" అంది. దుప్పటి తీసింది. నేను భుజం వైపు చూశాను. ఆమె నా కళ్లు చూసింది, తర్వాత భుజం చూసింది, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, మళ్లొక్కసారి చెయ్యి."

చేశాను. ఆమె దిగిపోతున్న నర్సుని వెనక్కి పిలిచింది. "ఇటు రా. సేమ్ గాదు. రాయి, లెఫ్ట్ షోల్డర్ కదులుతుంది." నాకు ఏడుపొచ్చింది. రెప్పలు మూతపడవు కాబట్టి కన్నీళ్లు అలా కారిపోతూనే ఉన్నాయి. స్వరూప దూదితో తుడుస్తూ తానూ ఏడ్చింది.

ఆ తర్వాతి కథ మెల్లగా నడిచింది. భుజం తర్వాత మోచెయ్యి వచ్చింది. వెంటిలేటర్ మీద నుంచి తీస్తే ఊపిరి చాలక మళ్లీ పెట్టారు, మళ్లీ తీశారు. ఇంటికి వచ్చాక బాత్రూమ్‌లో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడానికి పాప కన్నా చిన్నదాన్నైపోయాను. ఫిజియోథెరపీలో నొప్పికి నేను తిట్టిన తిట్లు విని మా అత్తయ్య చెవులు మూసుకుని ప్రార్థన చేసుకునేది.

ఇప్పుడు నడుస్తున్నాను. ఎడమ పాదం పూర్తిగా లేవదు, బూటులోపల పాదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంటుంది. స్టేషన్ మెట్ల మీద ఇప్పుడు నేనే జనాన్ని ఆపేస్తున్నాను, వాళ్లు ఇప్పటికీ విసుక్కుంటూనే ఉన్నారు. సాయంత్రానికి కాళ్లు మండుతాయి. పరుగెత్తాల్సిన ఉద్యోగం కాబట్టి ఐసీయూ డ్యూటీ నాకు ఇక ఇవ్వరు. ఆ బాధ తగ్గలేదు, తగ్గిందని చెప్పను. కొత్త నర్సులకు ట్రెయినింగ్ ఇచ్చే పని ఇచ్చారు. ఈ జబ్బు నన్ను మంచి మనిషిని చేసిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది రాకపోయినా నేను బాగానే ఉండేదాన్ని.

ఇది చదివేవాళ్లలో పేషెంట్ల మనుషులుంటే ఒక్క మాట. మంచం మీద మాట్లాడలేకుండా ఉన్నవారి దగ్గరికి వెళ్లినప్పుడు ధైర్యం తర్వాత చెప్పవచ్చు. ముందు మీరెవరో, ఇప్పుడు ఉదయమో సాయంత్రమో చెప్పండి. దుప్పటి తీసి, చేతులూ కాళ్లూ భుజాలూ చూసి, ఏమైనా కదులుతోందా అని అడగండి. కళ్లు ఎటు చూస్తే అటు మీరూ చూడండి.

మొన్న మా ఐసీయూలో జీబీఎస్‌తో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు చేరాడు. వెంటిలేటర్ మీద ఉన్నాడు. ట్రెయినీ అమ్మాయి హ్యాండోవర్ తీసుకుంటుంటే పక్కన నిలబడ్డాను. దుప్పటి తీయించాను. ఇద్దరం అతని భుజాలు చూశాం, వేళ్లు చూశాం, పాదాలు చూశాం. ఏదైనా కదపడానికి ప్రయత్నించమని అతన్ని అడిగాను. చాలాసేపు చూశాం. ఏమీ కదల్లేదు.

"సాయంత్రం అవుతోంది బాబూ" అని అతనికి చెప్పాను. "నా పేరు కరుణ. నీ జబ్బే నాకూ వచ్చింది. ఇవాళ ఏదీ కదల్లేదు, అబద్ధం చెప్పను. రేపు పొద్దున మళ్లీ వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఈ పేషెంటుని నువ్వు చూసుకుంటావా?"

అతను కళ్లు పైకెత్తాడు.