ముడులు చెప్పే అత్త

మా మేనత్త పని ముడులు చెప్పడం. తివాచీల కార్ఖానాలో మగ్గానికి పొడవునా బిగించిన దారాలు పడుగు. ఆ దారాలకు రంగు ఉన్నితో వేసేవి ముడులు. వరుస నిండాక అడ్డంగా దూర్చి ఇనప దువ్వెనతో దిగ్గొట్టే దారం పేక. నమూనా కాగితం అత్త ఒక్కతే చూస్తుంది. "రెండు ఎరుపు, ఒకటి నలుపు" అని ఆమె వెనక నుంచి చెబుతూ పోతే, మగ్గం ముందు కూర్చున్న నలుగురూ ఎవరి భాగంలో వాళ్లు వేస్తూ పోతారు. ఆమె ఆగితే, మళ్లీ నోరు తెరిచేదాకా చివర చెప్పిన రంగే వేయాలి. అక్కడి కట్టుబాటు అది.

ముప్పై ఏళ్ల ఉన్ని నూగు ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుంది. డాక్టరు రాసిన కాగితం నేనే చదివి చెప్పాను.

"పని మానెయ్యి అత్తా."

"మానేసి? కూర్చుని నీ పిల్ల ముక్కు తుడవనా?"

పాపను ఎత్తుకుని నేను గుమ్మం బయటే నిలబడేదాన్ని. ఎండ పడినచోట నూగు తేలుతూ కనిపించేది. కనిపించని నూగే ఎక్కువ లోతుకు పోతుందని నాకు తెలుసు.

ఆ రోజు "ఎరుపు" అన్నాక అత్తకు దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. వద్దని చెయ్యి ఊపింది గాని అందరి వీపులూ ఇటే ఉన్నాయి. దగ్గు వాళ్లకు అలవాటే. తెల్లగా ఉండాల్సిన అంచులోకి ఎరుపు పాకింది.

"ఇంకా ఎరుపేనా పెద్దమ్మా? ఇది పువ్వా, మడుగా?" అంటూ నలుగురిలో చిన్నది నవ్వుతూ వెనక్కి తిరిగింది. దగ్గుతో వంగిపోయిన అత్తను చూసి నవ్వు ఆగిపోయింది.

మేస్త్రీ వచ్చి వరుస మీద వేలు నడిపాడు. "ఈ నెలలో మూడోసారి. విప్పండి." కాగితం అత్త చేతిలోంచి తీసి చిన్నదానికిచ్చాడు. "ఇకనుంచి నువ్వు చెప్పు."

అత్త బయటికి రాలేదు. కొక్కెం అందుకుని, మగ్గం ముందు చిన్నది ఖాళీ చేసిన చోట కూర్చుని, తప్పు ముడులు ఒక్కొక్కటే లాగసాగింది. నూగు ఆమె మొహం మీదే లేస్తోంది.

వరుస సరయ్యాక చిన్నది మొదలుపెట్టింది. "రెండు తెలుపు... నలుపు..." కాగితం మీది గళ్ల లెక్క తప్పి ఆగిపోయింది.

"అత్తా, ఇంటికి పోదాం రా," అన్నాను.

ఆమె తల తిప్పకుండానే చెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించింది.

"మూడు నలుపు," అంది చిన్నది.