ఊరు చూపించిన పెదనాన్న

మా పెదనాన్న మొన్న మంగళవారం పొద్దున పోయారు. న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరి, ఇక ఇంటికి పంపిస్తామని డాక్టర్లు అన్న రోజునే పోయారు. మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. ఆదివారాల్లో గోల్కొండ దగ్గరో, ఏడు గుంబజుల సమాధుల దగ్గరో, నెత్తిన ఉన్ని టోపీ, మెడలో విజిల్, వెనకాల మినీబస్సు నిండా ముసలివాళ్ళతో కనిపించే మనిషి ఆయనే.

ఆయనకూ పెద్దమ్మకూ పిల్లల్లేరు. నేను ఖాజాగూడలో ఉంటానని, రిటైరయ్యాక తెనాలి నుంచి వచ్చి గోపన్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో కిరాయికి దిగారు. అక్కడ ఎవరి తల్లిదండ్రులను చూసినా మనవల్ని స్కూలు బస్సు ఎక్కించడానికి వచ్చినవాళ్ళే. ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లో ఉంటూ చార్మినార్‌ను టీవీలో చూసినవాళ్ళు. పెదనాన్నకు ఒళ్ళు మండింది. ఆ నెల నుంచే బస్సు మాట్లాడి ఊరు చూపించడం మొదలుపెట్టారు. పులిహోర పెద్దమ్మ వంతు.

బస్సు కదిలేముందు అందరూ బీపీ మాత్రలు వేసుకున్నారో లేదో ఒక్కొక్కర్నీ అడిగేవారు. పబ్లిక్ గార్డెన్స్‌లో అందరినీ గడ్డిలో వెల్లకిలా పడుకోమనేవారు. మొదట సిగ్గుపడిన ఆడవాళ్ళే, తర్వాత లేవమన్నా లేచేవాళ్ళు కారు. సమాధుల దగ్గర మాత్రం ఎవరైనా గబగబా సెల్ఫీకి నిలబడితే ఊరుకునేవారు కాదు.

"లోపల మనిషి ఉన్నాడమ్మా. ముందు పలకరించి, తర్వాత ఫొటో తీసుకోండి" అనేవారు.

పెదనాన్న వాళ్ళ ఇంటి ఓనరే అక్కడి అసోసియేషన్ ప్రెసిడెంటు. ఆయన తల్లికి మోకాళ్ళ నొప్పులు. గోల్కొండలో కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినపడుతుందంటారే, ఆవిడకు అది చూడాలని కోరిక. ఎక్కలేదు. పెదనాన్న ఆవిడను కింద నిలబెట్టి, తాను ఆయాసపడుతూ కొండెక్కి, పైనుంచి ఫోన్ చేశారు. "వినపడ్డాయండీ, గట్టిగానే కొట్టారు" అన్నారట. ఆవిడ చాలా రోజులు అందరికీ అదే కథ చెప్పింది.

ఆ కొడుకే మంగళవారం నాకు ఫోన్ చేశాడు. అప్పటికి మేం అంబులెన్స్‌లో ఇంటి దారిలో ఉన్నాం.

"మాకూ బాధగానే ఉందండి. కానీ అద్దెకిచ్చిన ఇంట్లోకి బాడీని తేకూడదండి. రేపు ఇంకొకళ్ళు దిగొద్దా? నేరుగా అటే తీసుకెళ్ళిపోండి."

ఈ ఊళ్ళో కిరాయికి ఉండేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అగ్రిమెంటులో రాయరు, అంతే. బతికినంతకాలం ఉండొచ్చు, చచ్చాక గడప తొక్కకూడదు. పోనీ మా ఇంటికి తీసుకెళ్దామంటే నాదీ అద్దె ఇల్లే. మా ఓనరుకు ఫోన్ చేస్తే ఆయనా అదే మాట.

పెద్దమ్మ కోరింది ఒక్కటే. ఆయన్ని కాసేపు హాల్లో పడుకోబెట్టి, స్నానం చేయించి, పంచె కట్టి పంపాలని. అందుకని గేటు దాకా వెళ్ళాం. సెక్యూరిటీవాళ్ళు తల దించుకున్నారు గానీ గేటు తీయలేదు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. అంబులెన్స్ డ్రైవర్ దిగొచ్చి, "ఏంది సార్ గిది, జరసేపు లోపల పండవెట్టనిస్తలేరా? ఉన్న ఇల్లే గద" అన్నాడు. అతను ఆయన్ని అంతకుముందు చూసింది లేదు. అంతసేపట్లో ఆ ఒక్క మాటా అన్నవాడు అతనే.

బాల్కనీల్లోంచి అందరూ చూస్తున్నారు. కొందరు దిగివచ్చి గేటుకు అవతలే నిలబడి దండాలు పెట్టారు. ప్రెసిడెంటు తల్లి రాలేదు. కొడుకే రానివ్వలేదో, ఆవిడే రాలేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని పెద్దమ్మను పైకి వెళ్ళమన్నాం. ఆమె అంబులెన్స్ దిగలేదు.

"ఆయన రాకూడని ఇంట్లోకి నేనెందుకురా పోవడం" అంది.

రోడ్డు పక్కనే, బండిలోనే, ఆయనకు పంచె కప్పింది. స్నానం శ్మశానంలో పంపు కింద చేయించాం. నిప్పు నేనే పెట్టాను. ఆ మనిషి నాకు ఈ ఊళ్ళో ఎన్ని చోట్లు చూపించారో, ఎంత ఓపిగ్గా చూపించారో తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపు రాదు, కోపమే వస్తుంది.

సాయంత్రం పెద్దమ్మ బట్టలూ మందులూ తెచ్చుకోవడానికి మళ్ళీ అక్కడికి వెళ్ళాం. అంబులెన్స్ ఆగిన చోట రోడ్డు కడిగేసి ఉంది. ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. ఆ తడి మీదే ఎవరో శ్రద్ధగా ముగ్గు వేశారు. పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తుకుని, దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళింది.