టీవీ వాళ్ళకు బాపు వేసిన మార్కులు

మొన్న సాయంత్రం వార్తలు చూస్తూ "ఈ పిల్ల మాట చివర మింగుతున్నది" అని పైకే అనేశాను. పక్కన పేపరు చదువుతున్న మా ఆయన "ఆమెకు మార్కులెయ్యమని నిన్నెవరడిగిండ్రు?" అన్నాడు. ఎవరూ అడగలేదు. అడగకుండా వెయ్యడం పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుణం. మేం బాపు అని పిలిచే మా నాన్నకు జనగామలో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉండేది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కందులు తీసి, అరచేతిలో కాస్త కదిపి, ఒక గింజ పంటి కింద వేసుకుని సరుకు సంగతి చెప్పేసేవాడు. ఎనభైల మొదట్లో మా వీధికి మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. ఇక అందులో మాట్లాడే వాళ్ళంతా వచ్చి ఆయన అరచేతిలో పడ్డారు.

రెండు చెక్క తలుపులున్న టీవీ అది. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దాని ముందు పడక కుర్చీలో కూర్చుని బాపు కళ్ళు మూసుకునేవాడు. "కండ్లు తెరిస్తె చీర చూస్తం, మాట వినం" అనేవాడు. వార్తలు చదివే ఒకావిడకు "సాఫుగున్నది" అని తీర్పు, ఇంకొకాయనకు "తాలు ఎక్కువున్నది" అని. ఒకాయన తెలుగు మాత్రం ఇంగ్లీషు బూట్లు తొడుక్కుని నడుస్తోందట. వీధి ఆడవాళ్ళంతా తలలూపేవారు. ఎదురు చెప్పేది మా మేడ మీద అద్దెకున్న బ్యాంకు సారు భార్య ఒక్కతే. ఆమెది కోస్తా. "అదేంటి బాబాయిగారూ, ఆవిడ ఎంత చక్కగా చదువుతోంది!" అనేది. "చక్కగనే ఉన్నదమ్మా. కానీ నాతోనైతె మాట్లాడుతలేదు" అనేవాడు బాపు. చివరికి ఎప్పుడూ అక్కడికే వచ్చి ఆగేవాడు. సినిమాల్లో మా మాట దొంగకో, తాగుబోతుకో ఇస్తారు, టీవీలోనైతే అదీ లేదు. "గింతమంది మాట్లాడుతున్నరు, మన తీరు మాట్లాడేటోళ్ళు ఒక్కరు లేరు" అని నవ్వుతూనే అనేవాడు కానీ, ఆ నవ్వు వెనక ఉడుకు మా అందరికీ తెలుసు.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతబడినప్పుడు, జనగామ స్టేషను ముందు ఒక బెంచీ ఎక్కి మాట్లాడిన ఆడపిల్ల మా అక్క. ఇంట్లో ఎట్లా మాట్లాడేదో అట్లాగే మాట్లాడింది. చేతిలో కాగితం లేదు, గొంతులో వణుకు లేదు. వెనక బస్తాల బండి పక్కన నిలబడి విన్న బాపు ఆ రాత్రి అన్నం తినకుండా ఆ సంగతే చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఉద్యమం చల్లారింది, అక్కకు చదువులో ఏడాది పోయింది, తర్వాత మహబూబాబాద్‌లో టీచరయింది. బడిలో పుస్తకం భాషే మాట్లాడాలన్నారు, మాట్లాడింది. మళ్ళీ నలుగురి ముందు తన గొంతు విప్పింది లేదు. సెలవులకు పల్లెలకు వెళ్ళి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది, అంతే. ఆ పని గురించి ఎవరో చెప్పగా హైదరాబాదు టీవీ వాళ్ళు, ఒక రైతు మనిషితో ముచ్చట పెట్టే కార్యక్రమం నడిపించమని ఆమెను పిలిచారు.

బాపు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన ముఖం చూస్తే జ్వరం వచ్చినవాడిలా ఉంది. "బిడ్డా, టీవీల మన మాట మాట్లాడకు. ఊరంత నా ఇంట్ల కూసొని నా బిడ్డను చూసి నవ్వితె నేను ఓర్వ" అన్నాడు. ఇన్నేళ్ళు మన వాళ్ళు లేరని గొణిగిన మనిషే, మేడ మీదికి వెళ్ళి బ్యాంకు సారు భార్యను మా అక్కకు మాట నేర్పమని అడిగాడు. పాపం ఆమె కాఫీలిచ్చి మరీ నేర్పింది. అక్క కాదనలేదు. రికార్డింగుకు వెళ్ళి వచ్చాక "ఎట్లయిందే?" అని నేనడిగితే "అయింది" అని మహబూబాబాద్ రైలెక్కింది.

ఆ కార్యక్రమం టీవీలో వచ్చే రోజున మా హాలులో అడుగు పెట్టే చోటు లేదు. అక్క తెర మీదికి వచ్చింది. ఎదురుగా పెద్దవంగర నుంచి వచ్చిన ఒక రైతు అవ్వ. "నమస్కారమండీ. వ్యవసాయంలో మీరు ఎదుర్కొంటున్న సమస్యలను ప్రేక్షకులకు వివరిస్తారా?" అని అక్క అడిగింది. ఒక్క తప్పు లేదు. అవ్వ కొంగు సర్దుకుంది, లైట్ల వైపు బెదురుగా చూసింది. మేడ మీది ఆమె పెదాలు తర్వాతి వాక్యానికి కదులుతున్నాయి. బాపు కళ్ళు తెరిచాడు. తెర మీద అక్క చేతిలో కాగితాన్ని బోర్లా పెట్టి, కుర్చీ ముందుకు జరిపింది.

"అవ్వా, గీ లైట్లను చూడకు. మీ ఇంటి ముందట కూసున్నమనుకో. ఏంది, ఈసారి మిర్చి ఎట్లున్నది?"

"ఏం మిర్చి బిడ్డా, ముడతొచ్చి సగం చేను పోయింది" అని మొదలుపెట్టిన అవ్వ ఇక ఆగలేదు. మందులు పనిచెయ్యని సంగతి, కరెంటు ఎప్పుడొస్తదో దానికే తెలవని సంగతి, చేను ముఖం చూడని ఆఫీసర్ల సంగతి అన్నీ చెప్పింది. అక్క నవ్వించింది, గుచ్చి అడిగింది. మా హాలులో ఒక్కరు నవ్వలేదు. అవ్వ నవ్వినప్పుడు మాత్రం అందరూ నవ్వారు. బాపు లేచి వెళ్ళి సౌండు పూర్తిగా పెంచి, వీధి తలుపులు రెండూ బార్లా తీశాడు.

అయిపోయాక అందరూ మార్కుల కోసం ఆయన వైపు చూశారు. ముందుగా నోరు విప్పింది మేడ మీది ఆమే. "నేను నేర్పిందంతా ఒక్క ప్రశ్నతో సరిపెట్టేసింది చూడండి బాబాయిగారూ. మంచి పని చేసింది" అంది. బాపు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "భయపడ్డది నేనమ్మా. నా బిడ్డ భయపడలె" అన్నాడు. శనివారం అక్క వస్తుంటే ఎన్నడూ లేనిది స్టేషనుకు వెళ్ళాడు. రైలు దిగుతూనే అక్క, "మళ్ళ రమ్మన్నరు బాపు. గిట్లనే మాట్లాడుమన్నరు" అంది. ఆయన ఆమె సంచీ అందుకుని, దారిలో కనబడ్డ ప్రతి మనిషినీ ఆపి ఆ మాట చెప్పాడు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

హైదరాబాదు మాట మా ఇంటికి రావడానికి డాబా మీద యాంటెన్నాకు ఒక ఇనుప గొట్టం పాతితే సరిపోయింది. మా మాట హైదరాబాదు చేరడానికి మా అక్క పడుచుదనమంతా పట్టింది.