అరచేతుల మధ్య శక్తి

హనుమకొండ ఇంటర్ కాలేజీలో విద్యుత్తును దాచే కెపాసిటర్ మీద భిక్షపతి సారు పాఠమంటే రెండు అరచేతులే. వాటిని దాని రెండు ప్లేట్లలా ఎదురెదురుగా ఆనించి, బంక అంటినట్టు పళ్లు బిగించి విడదీస్తారు. ఆ రోజు "బ్యాటరీ తీసేసినం. ఇగ ప్లేట్లు దూరం జరిపితే లోపలి శక్తి తగ్గుతది" అన్నారు. బెంచీలోంచి అక్షిత లేచింది.

"సార్, లాగనీకి మీరే గింత తిప్పలు పడతాండ్రు. ఆ కష్టమంతా ఏడికి పాయె? శక్తి పెరగాలె గదా?"

"నా కష్టం నీకెందుకమ్మా, కూసో!"

క్లాసంతా గొల్లున నవ్వింది. సాయంత్రం సారు ఇంట్లో లెక్క వేసుకుంటే పిల్ల మాటే నిజమైంది. ఇన్నేళ్లూ చేతులు సరిగ్గానే చెప్పాయి, నోరే తప్పింది. మర్నాడు "తప్పు నాదే బిడ్డా" అని అందరి ముందూ ఒప్పుకున్నారు. అక్షిత తలూపింది, కానీ ప్రశ్న అడగడానికి మళ్లీ లేవలేదు.

ఇప్పుడు ఏ పాఠమైనా సగంలో ఆపి, ఆమె బెంచీ వైపే చూస్తారు.

"డౌట్లున్నయా బిడ్డా?"

"లేవు సార్."