అరుగు మీద దిష్టిబొమ్మ

తెలంగాణ ఉద్యమంలో మీరేం చేశారని ఎవరైనా అడిగితే, దిష్టిబొమ్మలకు చొక్కాలు కుట్టానని చెబుతాను. విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వించడానికి చెప్పే మాట కాదది. ధర్నాలకు పోయినవాళ్లు, రోడ్ల మీద వంటలు చేసినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు తగలబెట్టిన బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం ఎవరికీ పట్టదు. కొన్ని మా ఇంటి నుంచి పోయాయి.

తొర్రూరులో బస్టాండు వెనక సందులో మా ఇల్లు. ఇంటి ముందు పొడవాటి అరుగు. మా కార్ఖానా అదే. ఒక చివర మామయ్య కొయ్యపని చేసేవాడు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు బండ్లు, నాగళ్లు, దర్వాజలు చేసిపెట్టిన మనిషి. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు పోయాయి, ఇనుప తలుపులు వచ్చి దర్వాజలు పోయాయి. అప్పటి నుంచి ఇంటి దగ్గరే కూర్చుని పీటలు, పప్పుగుత్తులు, చపాతీ కర్రలు, పిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు చేసేవాడు. అరుగు మధ్యలో నా కుట్టుమిషను. లంగాలు, సంచులు, దిండు గలీబులు నా వంతు. రెండో చివర అత్తమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరల మీద పొరలు పరిచి, దబ్బనం పట్టుకుని అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేది. ఆమె బొంతను ఎటు తిరగేసినా ఏది పైవైపో చెప్పలేం. ఒక్క కుట్టు వంకర పోయినా ఊడదీసి మళ్లీ కుట్టేది. ఆ వంకర ఆమెకు తప్ప ఇంకెవరికీ కనపడేది కాదు.

మా ఆయన బస్సు కండక్టరు. ఇంట్లో నెలజీతం తెచ్చే మనిషి ఆయనొక్కడే. ఉద్యమం ముదిరి సమ్మె మొదలయ్యేసరికి ఆ జీతం ఆగిపోయింది. బందుల మీద బందులు రావడంతో వారంవారం జరిగే అంగడీ ఆగిపోయింది. మామయ్య ప్రతి బందుకూ మద్దతు ఇచ్చేవాడు. పొద్దున్నే పోయి చౌరస్తాలో దుకాణాలు మూయించి వచ్చేవాడు. మధ్యాహ్నానికి అమ్ముడుపోని పీటలు అరుగు మీద గుట్టగా కనిపిస్తే, ఇదంతా సర్కారు చేస్తున్న అన్యాయమని తిట్టేవాడు. అత్తమ్మ మాత్రం, రాష్ట్రం వస్తే మంచిదే కానీ, అది వచ్చేదాకా అంగడి ఏం పాపం చేసిందని అడిగేది. 

అప్పుడొకరోజు మా ఆయన తోటి కార్మికులను వెంటబెట్టుకుని వచ్చాడు. అందరి ముఖాలూ చిన్నబోయి ఉన్నాయి. ముందురోజు వాళ్లు గడ్డితో చేసిన దిష్టిబొమ్మను ఊరేగించారట. హోటలు మలుపు దగ్గర బొమ్మ కాలు ఊడింది. ఇంకొంచెం ముందుకు పోయాక తల ఊడి మురికి మోరీలో పడింది. నినాదాలు ఇవ్వాల్సిన జనం కడుపు పట్టుకుని నవ్వారట. పరువు పోయిందని, ఈసారి గట్టి బొమ్మ కావాలని వాళ్లు అడిగారు.

మామయ్యకు ఉద్యమం తన గడపలోకి వచ్చినట్టు అనిపించింది. వేప కర్ర కోసి, వెన్నెముకకొకటి, భుజాలకొకటి అమర్చాడు. నడిచేటప్పుడు చేతులు ఊగాలని భుజాల దగ్గర కీళ్లు పెట్టాడు. కాలబెట్టే బొమ్మకు కీళ్లెందుకని నేనడిగితే, చేసేది చేసినట్టు ఉండొద్దా అన్నాడు. అత్తమ్మ గడ్డి ముట్టుకోనంది.

“గడ్డి కుక్కితె తొవ్వల బర్రెలు పీకుతయి,” అంది.

బొంతల్లో మిగిలిన చీర పేలికలన్నీ తెచ్చి, పొర మీద పొర చుట్టి, అడుగడుగునా దబ్బనం దింపి ఒళ్లు తయారుచేసింది. నేను చొక్కా కుట్టి బొత్తాలు కూడా పెట్టాను. కాజాలు తీశానని చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఆ బొమ్మ చౌరస్తా దాకా దర్జాగా నడిచిపోయింది. చిక్కు అక్కడే వచ్చింది. పెట్రోలు పోసి అంటిస్తే చొక్కా భగ్గుమంది, మీసం మాడింది, అంతే. లోపలి గుడ్డ అత్తమ్మ చేతిలో ఎంత బిగుసుకుపోయిందంటే, మంట పోవడానికి సందు దొరకలేదు. బొమ్మ పొగలు కక్కుతూ నిలబడే ఉంది. నినాదాలు ఇచ్చినవాళ్ల గొంతులు పోయాయి. వాళ్లు పోయి చాయ్ తాగి వచ్చినా అది అట్లాగే ఉందట. చివరికి బందోబస్తుకు వచ్చిన పోలీసులే నీళ్లు పోసి పక్కకు లాగేశారు. సాయంత్రం ఒకతను వచ్చి, అవ్వా, ఈసారి జర లూజుగ కుట్టవా అని బతిమాలాడు.

“లూజుగ కుట్టుడు నాకు రాదు బిడ్డా,” అంది అత్తమ్మ. “కాలకపోతె మీ అగ్గి మంచిగ లేనట్టు.”

అతని మాటకు ఆమె నిజంగానే బాధపడింది. తన కుట్టును తప్పుపట్టిన మొదటి మనిషి అతనే. మామయ్య మధ్యేమార్గం వెతికి, బొమ్మ కడుపులో గాలి ఆడేటట్టు గూడు వదిలాడు. అప్పటి నుంచి మా బొమ్మలు చక్కగా కాలాయి. ఆ పేరు పాకింది. మహబూబాబాదు నుంచి, జనగామ దిక్కు నర్మెట్ట నుంచి కూడా మనుషులు వచ్చారు. అరుగు మీద పీటలు మూలకు జరిగాయి, బొమ్మలు వరుసగా కూర్చున్నాయి. ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. రోజంతా చేసిన బొమ్మ కాలుతుంటే చూడడానికి వాళ్లిద్దరూ ఎన్నడూ పోలేదు. మామయ్యకు ఏదో పని గుర్తొచ్చేది. అత్తమ్మ అయితే సాకు కూడా చెప్పేది కాదు.

ఇట్లా ఉండగా మా దిక్కు నాయకుడొకాయన వంతు వచ్చింది. రాష్ట్రం కోసం అందరూ పదవులకు రాజీనామాలు చేస్తుంటే ఆయన ఇవాళ, రేపు అని సాగదీస్తున్నాడు. సోమవారం ఆయన బొమ్మ కాలబెడదామని కుర్రవాళ్లు నిర్ణయించి, చూస్తే ఆయనే అనిపించాలని పోస్టరు తెచ్చి ఇచ్చారు. అత్తమ్మ పాత స్వెట్టరు నల్ల ఉన్నితో మీసం కుట్టింది. పొట్ట దగ్గర ఇంకో చీర చుట్టింది. చొక్కా తొడగాల్సి ఉండగా బొమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టాం.

ఆ మధ్యాహ్నమే ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ఆ నాయకుడి తల్లి దిగింది.

ఆమె మాకు కొత్త కాదు. మనుమరాలి కాన్పుకు బొంత కావాలని తన పాత చీరలు మూట కట్టి ఇచ్చిపోయింది. అది తీసుకుపోవడానికి వస్తుందన్న సంగతి బొమ్మల హడావిడిలో మేం మరిచిపోయాం. నేను లేచి దుప్పటి ఒకటి బొమ్మ మీద వేయబోయాను. అప్పటికే ఆమె అరుగు ఎక్కింది. మామయ్య ఉలి కింద పెట్టి, ఎందుకో తెలియదు గానీ, లేచి నిలబడ్డాడు.

ఆమె బొమ్మను మీసం నుంచి పొట్ట దాకా చూసింది. తరువాత మెల్లగా దాని పక్కనే చతికిలబడింది.

“ఎవలిది గిది?”

ఎవరిదో ఢిల్లీ మనిషిది అని నేను చెప్పేలోపే అత్తమ్మ నోరు తెరిచింది.

“నీ కొడుకుదే అక్క.”

ఆమె ఏడుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో, కొడుక్కు చెప్పి పోలీసులను పంపిస్తుందేమో అనుకున్నాను. ఆమె చేయి చాపి బొమ్మ చెవి పట్టుకుని చూసింది.

“చెవులు చిన్నగ పెట్టినవ్ చెల్లె. మావోనికి వాళ్ల నాయిన చెవులు. ఇంతింత ఉంటయి.”

అత్తమ్మ కత్తెర తీసుకుని రెండు చెవులూ ఊడదీసింది. ఆమె చూపించిన కొలతకు కొత్త గుడ్డ కత్తిరించి, ఇట్లనా, ఇంకొంచెం కిందికా అని అడుగుతూ కుట్టింది. ఆమె కూడా పెళ్లి చీర అంచు చూసినంత శ్రద్ధగా చూసి, కుడి చెవి ఇంకా ముందుకు రావాలంది. కొడుకును కాలబెట్టడానికి కొలతలు ఇస్తున్న తల్లినీ, తీసుకుంటున్న నా అత్తనూ చూస్తూ నేను మిషను తొక్కడం మానేశాను. నాకు భయం పోయి, ఇంకేదో వచ్చింది. అది దుఃఖమో, నవ్వో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చెవులు కుదిరాక ఆమె చెప్పుకొచ్చింది. ఇంట్లో రోజూ అడుగుతూనే ఉందట, అందరూ రాజీనామా చేస్తున్నారు, నువ్వెందుకు చెయ్యవని. నీకు రాజకీయాలు తెలియవమ్మా అని కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడట. బొమ్మను ఎప్పుడు కాలబెడతారని అడిగింది. సోమవారమని మామయ్య నేల చూస్తూ చెప్పాడు. ఆమె జాకెట్టులో నుంచి చిన్న ఫోను తీసి, నా చేతికిచ్చి, కొడుక్కు కలపమంది. కలిపి ఇచ్చాను. ఆమె గొంతు పెంచలేదు.

“బిడ్డా, ఎక్కడున్నవ్? హైదరాబాదుల ఉన్ననంటవు గని, నువ్వు ఈడనే ఉన్నవ్, తొర్రూరుల, నా పక్కపొంటి కూసున్నవ్. నిన్ను సోమవారం కాలవెడ్తరట. అంగి ఇంక తొడగలే. నీ అంగి ఒకటి తెచ్చియ్యాల్నా?”

అవతల ఆయన ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె కాసేపు విని, సరే అని పెట్టేసింది. తరువాత తన బొంతను రెండువైపులా తిప్పి చూసి, ఒక మూల పలచగా ఉందని అత్తమ్మతో గొడవపడి, అక్కడ ఇంకో వరస కుట్టించుకుని మరీ ఆటో ఎక్కింది. తెల్లారి ఆటో అతని చేతికిచ్చి తెల్ల చొక్కా పంపింది. ఇస్త్రీ చేసి ఉంది. అత్తమ్మ దాన్ని బొమ్మకు తొడిగి గుండీలు పెట్టింది.

ఆదివారం ఆ నాయకుడు రాజీనామా చేసినట్టు టీవీలో చెప్పారు. ప్రజల ఆకాంక్షను గౌరవించి చేశానని ఆయన అన్నాడు. సోమవారం కుర్రవాళ్లు వచ్చారు కానీ బొమ్మ కోసం కాదు. ఆయన ఫొటోకు పాలాభిషేకం చేయాలని, ఫొటో నిలబెట్టడానికి కొయ్య చట్రం కావాలన్నారు. మామయ్య చేసిచ్చాడు. బొమ్మ మాత్రం మా అరుగు మీదే మిగిలిపోయింది.

కొన్నాళ్లకు ఆ రాజీనామా రాయాల్సిన పద్ధతిలో రాయలేదని, చెల్లలేదని తెలిసింది. కుర్రవాళ్లు మళ్లీ వచ్చారు. కాలబెట్టాలా వద్దా అని మా అరుగు మీదనే వాదించుకున్నారు. కావాలనే తప్పు రాశాడని సగంమంది, పాపం తెలియక రాశాడని సగంమంది. ఎటూ తేలక, మామయ్యను అడిగారు. బొమ్మకు ఎముకలు పెట్టుడే నా పని, తీర్పు నా పని కాదని ఆయన చిత్రిక పట్టే రందా అందుకున్నాడు. ఈలోగా వానలు వచ్చాయి. బొమ్మను లోపలికి తెచ్చి బియ్యం బస్తాల పక్కన కూర్చోబెట్టాం. బియ్యం కోసం పోయిన ప్రతిసారీ నేను జడుసుకునేదాన్ని. మా ఆయన సమ్మె ముగిసి, డ్యూటీకి పోయి, మళ్లీ ఏదో ఆందోళనలో దిగినా, ఆ బొమ్మ అక్కడే ఉంది. విప్పేసి బొంత చేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆ నాయకుడి తల్లి చేయి పడిన బొమ్మ అంది.

రాష్ట్రం వచ్చింది. ఊరంతా గులాలు, డప్పులు. మామయ్య ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే మొదటిసారి చూశాను. ఆ వారంలోనే నాయకుడు కొత్త కండువా వేసుకుని, డప్పుల మధ్య ఊరేగింపుగా వచ్చి, మా సందు దగ్గర బండి దిగాడు. వాళ్లమ్మ చెప్పిందట, ఆ బొమ్మను చూడాలన్నాడు. బియ్యం బస్తాల దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వేళ్లతో తన చెవి ఒకసారి, బొమ్మ చెవి ఒకసారి తడిమాడు.

“అమ్మ చెప్పిందేనా గీ చెవులు?” అన్నాడు.

అత్తమ్మ తలూపింది. ఆయన నవ్వాడు. వెంట వచ్చినవాళ్లు ఆయన ముఖం చూసి, అప్పుడు నవ్వారు. బొమ్మ భుజం మీద చేయి వేసి ఫొటో దిగాడు. దాన్ని తన కార్యాలయంలో పెట్టుకుంటానని మనుషుల చేత మోయించుకుపోయాడు. ఇప్పుడది అద్దాల బీరువాలో ఉందని, ఉద్యమంలో తన పాత్రకు గుర్తు అని వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడని మా ఆయన చూసొచ్చి చెప్పాడు. ఒక విధంగా ఆయన చెప్పేది అబద్ధం కూడా కాదు.

అంగడి మళ్లీ నడిచింది. పీటలు, బొంతలు అరుగు మీదకు తిరిగి వచ్చాయి. బొమ్మల సంగతి అయిపోయిందనుకున్నాం. కొంతకాలానికి భూపాలపల్లి దిక్కు నుంచి కొందరు వెతుక్కుంటూ వచ్చారు. తమ గోడు ఎవరూ వినడం లేదని, ఒక మంత్రి బొమ్మ కావాలని అడిగారు. మామయ్య ముఖం ఎర్రబడింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన మనిషి బొమ్మకు నేను కొయ్య ముట్టనని లేచిపోయాడు. అత్తమ్మ ఆయన వెళ్లిన దిక్కు చూసి, పేలికల మూట ముందుకు లాక్కుంది. రెండు వెదురు బద్దలు తనే కట్టుకుని, బొమ్మ పూర్తి చేసి పంపించింది.

అది వాళ్ల ఊరి చౌరస్తా దాకా కూడా పోలేదట. నడుము దగ్గర విరిగి ముందుకు వాలిందని, జనం నవ్వారని, ఎవరు చేశారని అడిగితే మా ఇంటి పేరే చెప్పారని మా ఆయన అన్నం తింటూ చెప్పాడు. మామయ్య ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు. ఆయన మంత్రి గురించి గానీ, భూపాలపల్లి వాళ్ల గోడు గురించి గానీ ఒక్క మాట అడగలేదు. వెదురు ఎక్కడ విరిగిందని మాత్రం అడిగాడు.

వాళ్లు రెండోసారి వచ్చే సమయానికి వేప కర్ర కోసి, చిత్రిక పట్టి, భుజాల కీళ్లతో సహా అరుగు మీద సిద్ధంగా పెట్టి ఉంది.